పసిపిల్లల ఆహారం – మన ఇళ్ల అలవాట్లు, మన బాధ్యతలు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు "విద్య మీద మాట్లాడండి మేడమ్" అన్నారు. ముప్ఫై ఏళ్లుగా ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెబుతున్నదాన్ని కాబట్టి అలా అడగడం సహజమే. విషయం మార్చమని నేనే కోరాను. స్కాలర్‌షిప్పులు, నోటు పుస్తకాలు, పదో తరగతి పిల్లలకు సాయంత్రం ట్యూషన్లు మన సొసైటీ బాగానే చేస్తోంది. వాటి గురించి నేను చెప్పగలిగింది తక్కువ. బడికి రాకముందు జరిగేదాని గురించి మాత్రం చెప్పవలసింది చాలా ఉంది.

ఒకటో తరగతి టీచరుకు పిల్లల పేర్లు నోటికి రాకముందే కొన్ని గుర్తులు తెలిసిపోతాయి. ప్రార్థన వరుసలో పది నిమిషాలు నిలబడలేక గోడకు ఆనుకునే పిల్ల ఒకతి ఉంటుంది. పదకొండు గంటలకే బల్ల మీద తల వాల్చేవాడు ఒకడుంటాడు. రాసుకోమని బలపం ఇస్తే కొరికి తినేవాళ్లు ప్రతి ఏడాదీ ఇద్దరో ముగ్గురో తేలుతారు. తల్లిని పిలిపించి అడిగితే "ఇంట్లో మట్టి కూడా తింటాడు మేడమ్, కొట్టినా మానడు" అంటుంది. కొడితే మానే అలవాటు కాదది. ఒంట్లో ఇనుము తక్కువైన పిల్లల్లో మట్టి, సుద్ద, పచ్చి బియ్యం నమలాలనే కోరిక తరచుగా కనబడుతుంది. అలాంటి పిల్లవాడికి అక్షరాలు ఎన్నిసార్లు దిద్దించినా మరుసటి రోజుకు నిలవవు. వాడికి తెలివి లేదని ఇంట్లో అనుకుంటారు. మా స్టాఫ్ రూమ్‌లో కూడా కొందరు అలాగే అనుకుంటారు, దాచుకోవడం ఎందుకు.

వాడు నా దగ్గరకు వచ్చేసరికి అయిదున్నర, ఆరేళ్లు. మెదడు అతి వేగంగా పెరిగే కాలం అప్పటికే దాటిపోయి ఉంటుంది. వైద్యులు మొదటి వెయ్యి రోజులు అని ఒక లెక్క చెబుతారు. కడుపులో ఉన్న 270 రోజులు, పుట్టాక రెండేళ్లకు 730 రోజులు. ఈ వెయ్యి రోజుల్లో తిండి తగ్గితే పడిన లోటును తర్వాత పూడ్చడం చాలా కష్టం. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టవచ్చు, ఐరన్ మాత్రలు మింగించవచ్చు. ఆగిపోయిన పొడవును, వెనకబడిన మెదడును పూర్తిగా వెనక్కి తేవడం మా చేతుల్లో ఉండదు.

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. దాదాపు 32 మంది వయసుకు తగ్గ బరువు లేరు. ఆరు నెలలు దాటిన పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తు తగ్గినవారు 31 మంది, రక్తహీనత ఉన్నవారు 63 మంది. దేశం మొత్తం మీదా ఇంచుమించు ఇదే కథ.

"పేదరికం మేడమ్, ఏం చేస్తాం" అంటారు. పేదరికం ఉంది, కాదనను. కాని ఆ సర్వేలోనే ఇంకో సంగతి ఉంది. దేశంలో బాగా కలిగిన ఇళ్లలో కూడా నూటికి ఇరవై మందికి పైగా పిల్లలు ఎదుగుదల తగ్గి ఉన్నారు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగినంత, తగిన రకాల ఆహారం అందుతున్నది దేశం మొత్తంలో నూటికి 11 మందికే. మిగతా 89 ఇళ్లలో బియ్యం లేదనుకుందామా? బియ్యం ఉంది, పప్పు ఉంది, చాలా ఇళ్లలో వారానికోసారి మాంసమూ ఉంది. బిడ్డ దాకా రావడం లేదు. వంటింటికీ బిడ్డ నోటికీ మధ్య ఏం అడ్డుపడుతోందన్నదే ఈ రోజు నా విషయం.

మన సముదాయం గురించి సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో ఆలోచించవలసిన మాట ఒకటి ఉంది. ముస్లిం ఇళ్లలో పసిపిల్లల మరణాలు సగటు కంటే తక్కువ. అల్‌హందులిల్లాహ్. ఆ బతికిన పిల్లల పోషణ మాత్రం అంత మెరుగ్గా లేదు. ప్రాణం కాపాడుకోవడంలో మనవాళ్లు ముందున్నారు, బిడ్డ బలంగా పెరగడం దగ్గర వెనకబడుతున్నారు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాలోకి కొంచెం తొంగి చూద్దాం.

పుట్టిన గంటతో మొదలుపెడతాను. బిడ్డకు గంటలోపు తల్లిపాలు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కటి పసుపుపచ్చ ముర్రుపాలలో రోగాలను అడ్డుకునే శక్తి ఎక్కువ. ఆ పాలనే "గడ్డపాలు, బిడ్డకు అరగవు" అని పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గేదె ఈనితే జున్ను కోసం ఇరుగుపొరుగు గిన్నెలతో వస్తారు. మనిషి బిడ్డకొచ్చే ముర్రుపాలకేమో ఆ గౌరవం లేదు.

ఆ రెండు మూడు రోజులు బిడ్డ నోట్లో ఏం పోస్తారు? కొన్ని ఇళ్లలో ఘుట్టీ, కొన్ని ఇళ్లలో చక్కెర నీళ్లు, తేనె. మన పక్క హిందూ ఇళ్లలో వస అరగదీసి పోయడం, ఆముదం నాకించడం ఉన్నాయి. పేర్లు వేరు, పద్ధతి ఒక్కటే. తహ్నీక్ సంగతి మీరు అడుగుతారని తెలుసు. దైవప్రవక్త (స) ఖర్జూరాన్ని మెత్తగా చేసి నవజాత శిశువు అంగిలికి రాసేవారని మనందరికీ తెలుసు. అందుకు పిసరంత చాలు. శుభ్రమైన చేత్తో ఆ పిసరు రాసి, వెంటనే బిడ్డను తల్లి రొమ్ముకు అందించవచ్చు. నా గొడవ తహ్నీక్‌తో కాదు, దాని పేరు చెప్పి తర్వాత మూడు రోజులు సాగే సీసాల వ్యవహారంతో. ఖర్జూరం బదులు తేనె వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టవద్దని వైద్యులు గట్టిగా చెబుతారు. తేనెలో ఉండగల ఒక రకం క్రిమి పసిపేగుల్లో పెరిగి ప్రాణాపాయం తెస్తుంది.

ఇప్పుడు ప్రసవాలన్నీ ఆస్పత్రుల్లోనే కదా, ఇంకా ఇవన్నీ ఎక్కడున్నాయి అని మీరు అనవచ్చు. తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. అయినా గంటలోపు తల్లిపాలు అందుతున్నది నూటికి 37 మంది పిల్లలకే. నూటికి 60 కాన్పులు పెద్ద ఆపరేషన్లే కావడం ఇందులో పెద్ద కారణం. తల్లి మత్తులోనో నొప్పిలోనో ఉంటుంది, బిడ్డ బయట నానీ చేతిలో ఏడుస్తుంటుంది, ఎవరో డబ్బాపాలు తెస్తారు. ఇంకో కారణం ఎవరూ పైకి చెప్పరు. వార్డులో పక్క మంచం దగ్గర పరాయి మగవాళ్లు నిలబడి ఉంటారు. పర్దా పాటించే పిల్ల అందరి మధ్య బిడ్డకు పాలెలా ఇస్తుంది? తలుపు మూసుకునే గది దొరికే వరకు వాయిదా వేస్తుంది. ఆ కొన్ని గంటల్లోనే సీసా అలవాటవుతుంది. మంచానికి ఒక తెర కడితే తీరే సమస్య ఇది. ఆస్పత్రులకు ఫ్యాన్లు, వాటర్ కూలర్లు దానం చేస్తుంటాం కదా, ఈసారి తెరల గురించి కూడా అడిగి చూడండి.

బాలింత తిండి దగ్గరకు వద్దాం. గర్భిణిగా ఉన్నప్పుడు "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అని కడుపు కట్టిస్తారు. బొప్పాయి వేడి, గుడ్డు వేడి, పెరుగు చలువ, అరటిపండు జలుబు అంటారు. కాన్పయ్యాక పథ్యం. చిల్లా నలభై రోజులూ పప్పు వద్దు, కూరగాయలు వద్దు, నీళ్లు తక్కువ తాగు అంటారు. అయితే మన పెద్దవాళ్లకు ఏమీ తెలియదని నేననను. బాదం, ఎండు ఖర్జూరం, నెయ్యి వేసి చేసే హరీరా బాలింతకు మంచి తిండే. వెల్లుల్లి, మాంసం షోర్బా కూడా మంచివే. వాటిని ఉంచుకుని ఆ "వద్దు"ల్ని వదిలేయాలి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ అన్నం, ఎక్కువ నీళ్లు కావాలి. చాలా ఇళ్లలో కోడలు అందరికీ వడ్డించి ఆఖరున గిన్నె అడుగున మిగిలింది తింటుంది. షోర్బా ఉంటుంది, ముక్కలు అప్పటికి అయిపోయి ఉంటాయి.

తల్లులు రెండు సంపూర్ణ సంవత్సరాలు పాలివ్వడం గురించి దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 233వ ఆయత్‌లో ఉందని మనలో దాదాపు అందరికీ తెలుసు. కోడళ్లకు చెప్పేటప్పుడు అంతవరకే చెబుతుంటాం. ఆ ఆయత్‌లోనే పాలిచ్చే తల్లికి తిండీ బట్టా సమకూర్చే బాధ్యత తండ్రి మీద ఉంది. పాలు మాన్పించాలంటే భార్యాభర్తలిద్దరూ సంప్రదించుకుని ఒప్పుకోవాలని కూడా ఉంది. మన ఇళ్లలో బిడ్డ తిండి ఆడవాళ్ల వ్యవహారమని తండ్రి తప్పుకుంటాడు. సాయంత్రం వచ్చేటప్పుడు అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్ తెచ్చి, అదే తన ప్రేమ అనుకుంటాడు. పదకొండు నెలల బిడ్డ చేతిలో ఆ ప్యాకెట్ చూసి ఇల్లంతా మురిసిపోతుంది.

రంజాన్ గురించి ఒక మాట. గర్భిణికి, పాలిచ్చే తల్లికి తన ఆరోగ్యం మీదో బిడ్డ మీదో భయం ఉంటే ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు మన ధర్మంలో ఉంది. వివరాలు ఉలమాలు చెబుతారు, నేను ఫత్వా ఇచ్చేదాన్ని కాను. కాని నాలుగు నెలల బిడ్డ తల్లి ఆ వెసులుబాటు వాడుకుంటే "మేమందరం పిల్లల్ని కంటూనే రోజాలు పెట్టలేదా" అనే అత్తలు, ఆడబిడ్డలు ఉన్నారు. ఆ మాటకు జడిసి పెట్టే రోజాలు ఎన్నో నాకు తెలుసు. జుమా ఖుత్బాలో ఇమామ్ సాహెబ్ ఈ ఒక్క విషయం ప్రతి షాబాన్ నెలలో చెబితే, మా టీచర్లు వందసార్లు చెప్పినదానికంటే ఎక్కువ పని జరుగుతుంది.

అసలు సంక్షోభం ఆరో నెలలో మొదలవుతుంది. అప్పటివరకు తల్లిపాలు ఒక్కటే చాలు, నీళ్లు కూడా అక్కర్లేదు. ఆరు నెలలు నిండాక పాలతోపాటు గట్టి ఆహారం కావాలి. హిందూ ఇళ్లలో అన్నప్రాశన, కొన్ని ముస్లిం ఇళ్లలో ఖీర్ చటాయి ఇంచుమించు ఆ వయసులోనే చేస్తారు. పూర్వులు సమయం సరిగ్గానే పెట్టారు. అయితే వేడుక చేసి, ఫొటోలు తీసి, ఖీర్ నాకించి, మర్నాటి నుంచి మళ్లీ పాలే. "పళ్లు రాకుండా అన్నమేమిటి, ఏడాది కానీ" అంటుంది దాదీ. మరీ ఏడిస్తే పప్పు మీద తేట, గంజి, చాయ్‌లో ముంచిన బిస్కెట్.

పప్పు తేటలో పప్పు ఉండదు. మాంసం షోర్బాలో మాంసం ఉండదు. పసిబిడ్డ పొట్ట చాలా చిన్నది. ఎనిమిది కిలోల బిడ్డ కడుపులో ఒక్కసారికి పట్టేది పావు లీటరు లోపే. ఆ కాస్త చోటునూ నీళ్లతో నింపేస్తే బిడ్డ కడుపు నిండినట్టే నిద్రపోతుంది, ఒళ్లు మాత్రం పెరగదు. చెంచా వంచితే వెంటనే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. చాయ్ సంగతి మరీ అన్యాయం. తిండిలో ఉన్న ఇనుమును ఒళ్లు పీల్చుకోకుండా చాయ్ అడ్డుకుంటుంది. బలపాలు తినే నా పిల్లల్లో చాలామంది రెండో ఏటి నుంచే చాయ్ తాగుతున్నవాళ్లు.

ఇందుకు ఖర్చుతో పనిలేని మందు మన వంటింట్లోనే ఉంది. మన ఇళ్లలో పొద్దున్నే ఖిచిడీ, ఖీమా చేసుకుంటాం కదా. మసూర్ పప్పు వేసిన ఖిచిడీని కారం పడకముందే ఒక గరిటెడు తీసి, మెత్తగా మెదిపి, చెంచా నెయ్యి వేస్తే పసిబిడ్డ తిండి తయారైనట్టే. అందులో ఉడికించిన గుడ్డు, బాగా ఉడికి మెత్తబడిన ఖీమా చిటికెడు కలపవచ్చు. మాంసాహారం తినే సముదాయంలో పిల్లలకు రక్తం తక్కువ కావడం నాకు ఎప్పుడూ వింతే. మేక కలేజీలో ఎంత ఇనుము ఉందో అందరికీ తెలుసు. ఇంట్లో అది ముందు మగవాళ్ల పళ్లెంలోకి, తర్వాత పెద్ద కొడుకు పళ్లెంలోకి పోతుంది. చిన్నపిల్లకు "అరగదు" అంటారు. ఆడపిల్లయితే ఆ అరగనితనం ఇంకో రెండేళ్లు సాగుతుంది. అఖీఖా చేసి ఊరంతా మాంసం పంచుతాం. ఎవరి పేరున ఆ జంతువు కోశామో, ఆ బిడ్డ అక్కకు ఆ రోజైనా ఒక కలేజీ ముక్క పెడుతున్నామా అని చూడండి.

బిడ్డ చిక్కిపోతే ఏమంటారు? "నజర్ తగిలింది" అంటారు. హిందూ ఇళ్లలో దిష్టి అంటారు. సూఖా పట్టింది అని తావీజు కడతారు, దమ్ చేసిన నీళ్లు తాగిస్తారు. దువా చదవవద్దని నేను ఎన్నడూ అనను, నా పిల్లల మీద నేనూ చదివాను. నజర్ భయంతో బిడ్డను తూకం వేయనివ్వకపోవడమే నాకు బాధ. "బరువు చెబితే నజర్ తగులుతుంది" అని అంగన్‌వాడీ టీచరు రాగానే బిడ్డను లోపలికి దాచే తల్లులున్నారు. దువా చదివి ఆ తర్వాతే తూకం వేయించవచ్చు కదా. అంగన్‌వాడీ దగ్గర బిడ్డ భుజానికి చుట్టి చూసే ఒక చిన్న పట్టీ ఉంటుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు బిడ్డ చేయి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకంటే తక్కువ ఉంటే అది తీవ్రమైన పోషణలోపం, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆ పట్టీకి అర నిమిషం పడుతుంది. తావీజు కట్టే చేతికే దాన్నీ చుట్టవచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు తిండి, పాలు ఆపేసే అలవాటు కూడా ఇలాంటిదే. అప్పుడే ఓఆర్ఎస్‌తోపాటు పాలు, తిండి ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి.

ఇక్కడ ఒక ఆఫ్రికా మాట చెప్పాలి. 1930లలో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఇప్పటి ఘానాలో పనిచేసేవారు. కాళ్లు వాచి, జుట్టు ఎర్రబడి, చర్మం పొరలుగా ఊడుతున్న పిల్లల్ని ఆమె చూశారు. ఆ జబ్బుకు అక్కడి గా భాషలో తల్లులు వాడే పేరునే ఆమె వైద్యశాస్త్రంలోకి తెచ్చారు. అదే క్వాషియోర్కర్. తర్వాతి బిడ్డ రావడంతో పక్కకు జరిగిపోయిన బిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. కారణం ఆ తల్లులకు ముందే తెలుసన్నమాట. మన దగ్గరా అంతే. మళ్లీ నెల తప్పిందని తెలియగానే "గర్భిణి పాలు విషం" అని రొమ్ముకు వేపాకు పూసి, ఏడాది కూడా నిండని బిడ్డకు ఒక్క రోజులో పాలు మాన్పిస్తారు. మామూలు గర్భంలో పాలివ్వడం వల్ల సాధారణంగా హాని లేదు, డాక్టరమ్మను అడిగి కొనసాగించవచ్చు. మాన్పించక తప్పకపోతే మెల్లగా, మిగతా తిండి పెంచుతూ మాన్పించాలి. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం గురించి ఇంత పెద్ద సభలో ఎక్కువ మాట్లాడను. రెండేళ్లు పాలివ్వమన్న మాటలోనే బిడ్డకు కావలసిన సమయం ఎంతో ఉంది.

బీడీల సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తికాదు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు మన ఆడవాళ్లు ఎంతమంది బీడీలు చుట్టి ఇల్లు గడుపుతున్నారో మీకు తెలుసు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. లేచి బిడ్డకు తినిపిస్తే ఆ గంట కూలి పోతుంది. చాట ఒళ్లో ఉంటే బిడ్డకు ఒళ్లో చోటుండదు. పొగాకు అంటిన చేత్తోనే ముద్ద కలపాలి. బిడ్డకు రోజుకు మూడు నాలుగుసార్లు, ఓపిగ్గా, బుజ్జగించి తినిపించాలని పుస్తకాల్లో రాసి ఉంటుంది. అంత సమయం ఆ తల్లి దగ్గర లేదు. మరి ఎవరు తినిపిస్తారు? నాలుగో తరగతి చదివే పెద్ద కూతురు. మా హాజరు పట్టీ తీసి చూస్తే ఏ ఇంట్లో ఎప్పుడు బిడ్డ పుట్టిందో నేను చెప్పగలను. ఆ నెల నుంచి ఆ ఇంటి పెద్ద పిల్ల పేరు పక్కన సున్నాలు మొదలవుతాయి. తొమ్మిదేళ్ల పిల్ల చంకలో తొమ్మిది నెలల పిల్ల. తనకే ఆకలేస్తుంటే తమ్ముడికి ఎలా తినిపిస్తుంది? బిస్కెట్ ప్యాకెట్ చింపి చెరి సగం తింటారు. ఒక బిడ్డ పోషణ, ఇంకో బిడ్డ చదువు ఒకేసారి పోతున్నాయి. ఉదయం తొమ్మిది నుంచి నాలుగు వరకు ఒక గదిలో, నమ్మకమైన ఒక ఖాలాను జీతానికి పెట్టి, పది మంది పసివాళ్లను చూసుకునే ఏర్పాటు చేస్తే ఈ రెండు ముళ్లూ కలిపి విప్పవచ్చు. మన ట్యూషన్ గది పగలంతా ఖాళీగానే ఉంటుంది.

చివరగా మన దానాల విషయం. కొందరు దాతలు మంచి మనసుతో పాలడబ్బాలు, పాలసీసాలు కొని పంచుదామంటున్నారు. దయచేసి వద్దు. 1992లో వచ్చిన చట్టం ప్రకారం అనాథాశ్రమాలకు తప్ప ఇతరులకు వాటిని దానంగా పంచకూడదు. చట్టం మాట అటుంచినా, పేద ఇంట్లో ఉచితంగా వచ్చిన మొదటి డబ్బా తల్లిపాలను తగ్గిస్తుంది. రెండో డబ్బా కొనలేక నీళ్లెక్కువ పోసి కలుపుతారు. సీసా ఎక్కడ కడుగుతారో మీకు తెలుసు. తల్లి లేని బిడ్డ ఉంటే డాక్టరు చెప్పినట్టు ఆ ఒక్క ఇంటికి చేద్దాం.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ప్యాకెట్, గుడ్లు, తల్లులకు పెట్టే భోజనం మన హక్కు. "సర్కారు పిండి" అని చిన్నచూపు చూసి దాన్ని గేదెకు పెట్టిన ఇళ్లు కూడా ఉన్నాయి. బురఖా వేసుకుని అంగన్‌వాడీలో కూర్చుని తినడానికి సిగ్గుపడే కోడళ్లున్నారు. మన మహిళా విభాగం సభ్యులు వాళ్లతో కలిసి రెండు రోజులు వెళ్లి కూర్చుంటే ఆ సిగ్గు పోతుంది.

మన రంజాన్ కిట్‌లో బియ్యం, గోధుమపిండి, నూనె, చక్కెర, సేమియా, ఖర్జూరం ఉంటాయి. ఏడాది బిడ్డ కోసమని అందులో ఏదీ లేదు. మన హైదరాబాద్‌లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. అక్కడ డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి పిల్లల తిండిని పరిశీలించి చెప్పిన సంగతి, బిడ్డకు ఖరీదైన ప్రోటీన్ పొడులు అక్కర్లేదు, ఇంట్లో తినే తిండే సరిపడినంత అందితే చాలని. హైదరాబాద్ మిక్స్ అని ఆ సంస్థ రూపొందించిన పొడి ఉంది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, పల్లీలు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. ఈ 86 గ్రాముల్లో సుమారు 330 కాలరీలు, 11 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. తొమ్మిది నెలల బిడ్డకు తల్లిపాలు కాక రోజుకు కావలసింది దాదాపు 300 కాలరీలే. ఇందులో దుకాణంలో దొరకనిది ఏమీ లేదు, ధర తెలియనిదీ ఏమీ లేదు.

రెండేళ్లలోపు బిడ్డ ఉన్న ప్రతి ఇంటికి కిట్‌తోపాటు ఈ నాలుగు సరుకులు, ఒక అట్ట గుడ్లు అదనంగా ఇవ్వాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. అయితే ఒక షరతు ఉంది. సరుకులు విడిగా ఇచ్చి పంపించవద్దు. పల్లీలూ బెల్లమూ కలిసి ఇంటికి పోతే సాయంత్రానికి పల్లీ పట్టీ అయి ఇల్లంతా తినేస్తుంది, బిడ్డకు మిగలదు. కిట్లు ఇచ్చే రోజునే తల్లుల్ని, వాళ్లతోపాటు అత్తల్ని కూడా మన షాదీఖానా వంటగదికి పిలుద్దాం. అక్కడే వేయించి, మిక్సీ పట్టి, ఒక గిన్నెడు చిక్కగా కలిపి, వచ్చిన పిల్లలకు దాదీల చేతనే తినిపిద్దాం. రెండు మిక్సీలు, ఒక పెద్ద బాణలి కావాలి. బాణలి మా ఇంట్లో ఉంది, తెస్తాను. మిక్సీల కోసం ముందు వరుసలో ఉన్న భాయీజాన్‌ల వైపు చూస్తున్నాను.